పదమూడు పాయింట్ రెండు

సుల్తాన్ బజార్ వెనక గల్లీల
మా దుకాణం నిండ గాజే.
బ్యూరెట్లు, పిపెట్లు, మెడ సన్నటి ఫ్లాస్కులు.
ఫ్యాను మూడు మీదికి పెడితే
గియాసుద్దీన్ భాయ్ గుండె పట్టుకుంటడు.
నా పని గడ్డి చుట్టుడు.
వరిగడ్డి మా దిక్కు నుంచే వస్తది,
వాసన చూసి చెప్తా
వానాకాలందో యాసంగిదో.

శనివారం పగటీలి ఒక సారు వచ్చిండు.
అయిజ అవతల సర్కారు జూనియర్ కాలేజీ.
బిల్లు ఎవరి పేరు మీద అంటే
"పర్వతాలు" అని, ఆగి,
"కాదు, కాలేజీ పేరు రాయమ్మా" అన్నడు.
ఆరు బ్యూరెట్లు కావాలె,
పైసలు నాలుగింటికే ఉన్నయి.
"కొన పగిలినవేమన్న ఉంటే
తక్కువకు ఇస్తరా?"
చీకటి పడ్డంక
అంగట్ల మిగిలిన వంకాయలు అడిగినట్టు అడిగిండు.

నాకు మా కాలేజీ యాదికొచ్చింది.
ల్యాబ్ అని రాసిన గది.
తాళంచెవి ప్రిన్సిపాల్ తాన, ప్రిన్సిపాల్ పాలమూరుల.
కిటికీ సందుల కన్ను పెడితే
అల్మారాల ఒకే ఒక్క బ్యూరెట్
మొక్కుకున్న జెండా కర్ర తీరు నిలబడి ఉండేది.
రికార్డుల మాత్రం అన్నీ చేసినం.
పదమూడు పాయింట్ రెండు.
పదమూడు పాయింట్ రెండు.
మళ్ల పదమూడు పాయింట్ రెండు.
నలభై ఒక్క మందిమి, ఒకటే అంకె.
సీనియర్ అక్క రికార్డుల కూడ అదే.
ఎన్నడు, ఏ ఊర్ల,
ఎవరి చేతి కింద పుట్టిందో ఆ అంకె.
ఆఖరి రంగు దగ్గర
లేత గులాబి అని రాసిన.
లేత అంటే ఎంత లేత?
రంగు పెన్ను లేక బొమ్మకు కుంకుమ రుద్దిన.
పరీక్షకు వచ్చిన సారు మెచ్చుకుండు,
ముప్పైకి ఇరవై ఎనిమిది.

"సారూ, ఒక్కసారి చేసి చూపియ్యరా?"
నోరు జారింది.
ఆయన నవ్వలే. అద్దాలు తీసి తుడుచుకుండు.
"పదకొండేండ్లయిందమ్మా చేసి.
ఇప్పుడు బోర్డు మీద గీస్తున్న, అంతే."

పక్క పాన్ డబ్బాల ఇంత సున్నం,
షర్బత్ బండి కాడ సగం నిమ్మకాయ,
గల్లాపెట్టె కింది నుంచి భాయ్ తీసిన
ఫినాఫ్తలీన్ సీసా.
సున్నం తేట బ్యూరెట్ల పోసినం.
చాయ్ గ్లాసుల నీళ్లు, నాలుగు చుక్కల నిమ్మరసం.
ఎడమ చేత్తోని తిప్పాలె, కుడి చేత్తోని ఊపాలె,
కన్ను గీతకు సమంగ పెట్టాలె.
మొదలు సారు చెయ్యి వణికింది,
నడుమకొచ్చేసరికి చెయ్యికే యాదికొచ్చింది.
అప్పుడు నాకిచ్చిండు.

చుక్క పడ్డ కాడ ఎరుపు విచ్చేది,
ఊపితే పోయేది.
మళ్ల చుక్క. మళ్ల పోయేది.
బయట చీరలోళ్ల కేకలు, ఆటోల హారన్లు.
ఒక చుక్క పోలే.
గ్లాసంత పరుచుకొని ఆగింది.
అంత లేత!
పసిపిల్ల చెవి తమ్మె ఎనక ఎండ ఉన్నప్పుడు
కనపడేటంత.

మూడు పాయింట్ తొమ్మిది.
రెండోసారి చేస్తే నాలుగు పాయింట్ ఒకటి.
"కలవలే సారూ" అన్న, తప్పు చేసినట్టు.
"ఎట్ల కలుస్తది? ఇది నీది కదా."

భాయ్ మాట్లాడలే.
ఐదో బ్యూరెట్ తీసి బల్ల మీద పెట్టిండు,
బిల్లుల నాలుగే రాసిండు.
ఆరోది తియ్యలే. దుకాణం దుకాణమే.

ఇమ్లీబన్ల ఆరున్నరకు బస్సు.
మోకాళ్ల నడుమ నిలబెట్టుకొని
రాత్రంత గుంతలు లెక్కబెట్టుకుంట పోతడు సారు.
గడ్డి ఒక పిడికెడు ఎక్కువే పెట్టి చుట్టిన.
డబ్బా మీద రోజు రాసే మాట:
గాజు, జాగ్రత్త.
ఇయ్యాల మార్కర్ పట్టుకొని
చానసేపు అట్లనే నిలబడి
ఇట్ల రాసిన:

తాళం వెయ్యొద్దు.
పిల్లల చేతికియ్యుండ్రి.
పగిలితే పగలనియ్యుండ్రి.